విడిపోయిన జంటలు

ఇంగ్లీషు వ్యాకరణం గైడుల్లోనూ, పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ తికమక మాటల పట్టిక ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క దాన్ని పోలిన మరో మాట, ఎదురుగా అర్థాలు. స్టేషనరీలో చివరి 'ఆర్'కు ముందు 'ఈ' అక్షరం రాస్తే కాగితాలూ కలాలూ, అక్కడే 'ఏ' రాస్తే కదలకుండా నిలిచి ఉన్నది. పువ్వుకు ఒక స్పెల్లింగు, అలాగే పలికే పిండికి మరొకటి. విద్యార్థి వీటిని కంఠతా పట్టాలి, తారుమారు చేస్తే మార్కు పోతుంది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలనీ, శ్రద్ధ లేనివాళ్లే వీటి దగ్గర పొరబడతారనీ ఆ పట్టిక చూసినవారికి అనిపిస్తుంది. చరిత్ర చెప్పేది వేరు. ఈ జంటల్లో పేరుపడ్డవి చాలావరకు ఒకప్పుడు ఒకే మాట. ఒకే మాటగా వందల ఏళ్లు బతికి, ముఖ్యంగా 17, 18 శతాబ్దాల్లో, అచ్చువేసేవారి చేతుల్లో, నిఘంటుకారుల చేతుల్లో కాగితం మీద రెండయ్యాయి. నోట మాత్రం ఒకటిగానే మిగిలాయి. మన పిల్లల తికమక ఆ సగం విభజన ఫలితమే తప్ప వాళ్ల తెలివికి కొలత కాదు.

ఈ మాట నిలబడాలంటే ఒక జంటనైనా మొదటి నుంచి చివరిదాకా చూడాలి. స్టేషనరీయే అందుకు తగినది, ఎందుకంటే దాని వెనుక ఒక వృత్తి చరిత్ర మొత్తం ఉంది. లాటిన్‌లో నిలబడడాన్ని చెప్పే 'స్తారె' అనే క్రియ, మన స్థానం, స్థిరం, స్థావరం అనే మాటలకు మూలమైన 'స్థా' ధాతువు ఒకే వంశానివి. ఆ క్రియ నుంచి నిలిచే చోటు అనే అర్థంలో 'స్తాతియో', దాన్నుంచి ఒకచోట స్థిరంగా ఉండేవాడు అనే అర్థంలో 'స్తాతియోనారియుస్' వచ్చాయి. మధ్యయుగాల యూరప్‌లో చిల్లర సరుకు అమ్మేవారిలో చాలామంది ఊరూరా తిరిగేవారు, సంతల వెంట పోయేవారు. వారికి భిన్నంగా ఒకే చోట కొట్టు పెట్టుకుని కూర్చున్న వర్తకుడికి ఈ పేరు సరిపోయింది. మనం స్థావరం, జంగమం అని విడదీసినట్టే అక్కడా విడదీశారు. 13వ శతాబ్దంలో బొలోన్యా, పారిస్ విశ్వవిద్యాలయాల దగ్గర ఈ పేరు పుస్తకాల కొట్టువారికి స్థిరపడింది. పాఠ్యగ్రంథాల సరిచూసిన మూలప్రతి ఆ కొట్టులో ఉండేది. దాన్ని కలిపి కుట్టకుండా విడి భాగాలుగా ఉంచేవారు. విద్యార్థి గానీ, కూలికి రాసే లేఖకుడు గానీ ఒక్కో భాగాన్ని అద్దెకు తీసుకుపోయి నకలు రాసుకుని తిరిగి తెచ్చి ఇచ్చేవాడు. ఒకే గ్రంథం ఒకే సమయంలో పదిమంది చేతుల్లో నకలవుతుండేది. ఈ ఏర్పాటుకు 'పెసియా' పద్ధతి అని పేరు. అద్దె ఎంతో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. పారిస్ విశ్వవిద్యాలయం 1275లోనే ఈ వర్తకులను కట్టడి చేస్తూ నిబంధనలు రాసుకుంది. కొట్టు ఊరికే కొట్టు కాదు, చదువుకు ఆధారం.

లండన్‌లో ఈ వృత్తివారు సెయింట్ పాల్ ప్రధాన ఆలయం చుట్టూ చేరారు. చేతిరాత లేఖకులు, పుటలకు రంగులద్దేవారు, జిల్దు కట్టేవారు, పుస్తకాలమ్మేవారు కలిసి 1403లో నగర పాలకుల అనుమతితో ఒక సంఘం కట్టుకున్నారు. 1476లో కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక ముద్రాపకులూ క్రమంగా ఆ గూటికే చేరారు. 1557లో మేరీ రాణి ఈ సంఘానికి రాజపట్టా ఇచ్చింది. మతద్రోహపు రాతలను అణచాలన్నది రాణి అవసరం, పోటీదారులను అణచాలన్నది వర్తకుల అవసరం. కొద్ది మినహాయింపులు పోను, సంఘ సభ్యుడు కానివాడు ఇంగ్లండులో అచ్చువేయకూడదన్నది ఆ పట్టా సారం. అనుమతి లేని పుస్తకాలను సోదా చేసి పట్టుకునే అధికారం కూడా దక్కింది. ఏ పుస్తకం ఎవరు అచ్చువేసుకోవచ్చో సంఘం రిజిస్టరులో రాయించుకోవాలి. షేక్‌స్పియర్ నాటకాల మొదటి పెద్ద సంపుటం వెలువడిన 1623లో, అప్పటికి మరెవరి పేరా నమోదు కాని 16 నాటకాలను ప్రచురణకర్తలు నవంబరు 8న అక్కడే రాయించుకున్నారు. రిజిస్టరులో రాయించుకున్న ప్రతిమీద వర్తకుడికుండే ఆ హక్కే తరవాత కాపీరైట్ అయింది. 1695లో అచ్చును కట్టడి చేసే లైసెన్సు చట్టం గడువు తీరిపోవడంతో సంఘం గుత్తాధిపత్యం కూలింది. 1710లో ఆన్ రాణి చట్టం ఆ హక్కును రచయితకు ఇచ్చి, కొత్త పుస్తకాలకు 14 ఏళ్ల గడువు పెట్టింది.

ఇంత చరిత్ర చెప్పడం ఎందుకంటే, స్టేషనర్ అనే మాటకు అప్పటిదాకా ఉన్న అర్థం పుస్తకాల వ్యాపారి అనే. కాగితం అమ్మేవాడు అనేది పక్క అర్థం. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో కూడా మొదట పుస్తకాలమ్మేవాడనీ, తరవాత కాగితం అమ్మేవాడనీ ఇచ్చాడు. వ్యాపారం పెరిగి ప్రచురణకర్త, ముద్రాపకుడు, పుస్తక విక్రేత వేరువేరు మనుషులైన కొద్దీ స్టేషనర్ దగ్గర ఖాళీ కాగితమూ, సిరా, ఈక కలాలూ మిగిలాయి. ఆ సరుకుకు పేరుగా స్టేషనరీ అనే నామవాచకం 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. కదలనిది అనే విశేషణం మరో దారిన, అంతకు ముందే వచ్చింది. గ్రహం వక్రించే ముందు ఆకాశంలో నిలిచినట్టు కనిపించడాన్ని చెప్పడానికి జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దాన్ని మొదట వాడారు. రెండూ ఆ ఒక్క లాటిన్ మాట సంతానమే. 18వ శతాబ్దపు రాతల్లో కాగితం సరుకును కూడా 'ఏ'తో రాసిన సందర్భాలు ఉన్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1786లో తన కార్యాలయాల కాగితం కొనుగోలుకు స్టేషనరీ ఆఫీసు పెట్టింది. ఆ పాలన వెంట అదే పేరు మన దేశానికీ వచ్చింది, నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల్లో ప్రింటింగ్‌తో జోడించిన స్టేషనరీ శాఖ ఉంది. తెలుగులో రాసినప్పుడు ఆ బోర్డు మీద 'ఈ' ఉందా 'ఏ' ఉందా అన్న ప్రశ్నే పుట్టదు. మన లిపి చెవిని అనుసరిస్తుంది, చెవికి రెండూ ఒకటే.

పువ్వూ పిండీ కథ ఇంకా స్పష్టమైనది. ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చిన ఫ్లవర్ అనే మాటకు పువ్వు అనే అర్థంతో పాటు, దేనిలోనైనా శ్రేష్ఠమైన భాగం అనే అర్థం మొదటి నుంచీ ఉంది. గోధుమలు విసిరి జల్లెడ పట్టాక కిందికి దిగే మెత్తటి భాగం గోధుమలో పువ్వు. ఫ్రెంచివారు నేటికీ మేలురకం మైదాను పిండిపువ్వు అనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు. ఇంగ్లీషులో ఈ ఒక్క మాటకే పలు స్పెల్లింగులు ఉండేవి, ఏది దేనికన్న పట్టింపు లేదు. చూపు పోయాక మిల్టన్ చెప్పి రాయించిన 'పారడైజ్ లాస్ట్' 1667లో అచ్చయినప్పుడు, ఈవ్ తన తోటలోని పువ్వులకు వీడ్కోలు చెప్పే చోట ఉన్న స్పెల్లింగు ఇవాళ మనం పిండికి వాడేదే. అలెగ్జాండర్ క్రూడెన్ 1738లో బైబిలు పదసూచిక కూర్చినప్పుడు పువ్వునూ పిండినీ నేటిలాగే విడదీశాడు. కానీ 17 ఏళ్ల తరవాత జాన్సన్ ఆ విభజనను ఒప్పుకోలేదు, రెండర్థాలనూ ఒకే మాట కింద ఇచ్చాడు. ఇంగ్లీషు నిఘంటువుల్లో పెద్ద పేరున్న మనిషి, 18వ శతాబ్దం నడుమ, ఈ రెండూ ఒకే మాట అన్నాడని గమనించాలి. నేటి పోటీ పరీక్షలో ఆయనకూ ఆ మార్కు పోయేది. లోహాన్ని చెప్పే మెటల్, మనిషిలోని పటుత్వాన్ని చెప్పే మెటల్ కూడా ఇలాంటివే. మనిషి దేనితో చేసినవాడో ఆ ధాతువు అన్న ఉపమానం నుంచి రెండో అర్థం పుట్టింది. షేక్‌స్పియర్ కాలపు అచ్చుల్లో ఈ రెండు స్పెల్లింగులూ రెండర్థాలకూ కలగలిసి కనిపిస్తాయి.

పండితులు విడదీసిన జంటలు మరికొన్ని. వేరుచేసి చూడగలగడం అన్న లాటిన్ మూలం నుంచి వచ్చిన డిస్క్రీట్ మొదట ఒక్కటే. లాటిన్ రూపానికి దగ్గరగా ఉన్న స్పెల్లింగును 16వ శతాబ్దం చివరి నుంచి విడివిడిగా ఉన్న అనే శాస్త్రీయ అర్థానికి కేటాయించారు. విచక్షణ, గుట్టు తెలిసిన మనిషికి పాత స్పెల్లింగు మిగిలింది. పూర్తిచేయడం అనే అర్థం నుంచి పుట్టిన కాంప్లిమెంట్‌లో మర్యాదకు చెప్పే పొగడ్త ఇటలీ మీదుగా తిరిగి వచ్చి, నడిమి అక్షరం మార్చుకుని, 17వ శతాబ్దంలో వేరుపడింది. ఈ తీరు తెలుగువారికి కొత్త కాదు. ప్రకృతి వికృతులని మనం బళ్లోనే చదువుకుంటాం. యాత్ర నుంచి జాతర వచ్చింది, శ్రీ నుంచి సిరి వచ్చింది. యాత్ర ఎక్కడికో పోవడం, జాతర ఊరి దేవత దగ్గర జరిగేది. శ్రీ పేరు ముందు పెట్టే గౌరవం, సిరి ఇంట్లో ఉండే సంపద. ఒకే మూలం, రెండు బతుకులు. అయినా జాతరకూ యాత్రకూ మధ్య ఏ తెలుగు పిల్లవాడూ తికమక పడడు. కారణం స్పష్టం. మన మాట ముందు నోట మారింది, ధ్వనితో పాటే అర్థం వేరైంది, రాత ఆ తరవాత వచ్చింది. ఇంగ్లీషు జంటల్లో దీనికి తలకిందుల పని జరిగింది. ధ్వని స్థిరపడిపోయిన తరవాత, రాతలో మాత్రమే గీత గీశారు. డిస్క్రీట్ అని పలికితే ఏ డిస్క్రీటో లండన్‌వాడి చెవి కూడా చెప్పలేదు. చెవి సాయపడని తేడాను కన్ను ఒక్కటే మోయాలి, అందుకే అది జారిపోతుంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా ఇవే చోట్ల తప్పులు రాయడానికి కారణం ఇదే.

ఈ గీతలు భాషలో సహజంగా ఉన్నవి కావు, ఒక దేశపు ముద్రణాలయాలు గీసినవి అనడానికి అట్లాంటిక్ అవతల మంచి రుజువు ఉంది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ వంటివారు స్పెల్లింగును మరో దారిన నడిపించారు. 1828లో వచ్చిన ఆయన నిఘంటువు తరవాత అక్కడి రాత తనదైన రూపం తీసుకుంది. ఫలితంగా లైసెన్సు నామవాచకమైతే 'సీ', క్రియ అయితే 'ఎస్' అనే బ్రిటిష్ నియమం అక్కడ లేదు, రెండిటికీ 'ఎస్' చాలు. మేడ మీది అంతస్తుకూ, చెప్పుకునే కథకూ అక్కడ ఒకే స్టోరీ. బ్యాంకు చెక్కుకూ, సరిచూడడానికీ ఒకే చెక్. ఆ చెక్ ప్రయాణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. పారశీక 'షా' చదరంగంలో రాజుకు ముప్పు చెప్పే కేకగా యూరప్ చేరింది. ఆ ఆట పలక గళ్లను బట్టి ఇంగ్లండు ఖజానాకు ఎక్స్‌చెకర్ అనే పేరొచ్చింది. అడ్డుకోవడం, సరిచూడడం అనే అర్థాల మీదుగా మాట బ్యాంకు కాగితం దాకా నడిచింది. బ్రిటన్‌లో దానికి ఫ్రెంచి పోకడ స్పెల్లింగు తొడిగి వేరుచేశారు, అమెరికాలో తొడగలేదు. అంతమాత్రాన అమెరికా బ్యాంకుల్లో ఎవరూ చెక్కును సరిచూడడంగా భ్రమపడడం లేదు. గుంటూరులో బ్రిటిష్ స్పెల్లింగు నేర్చుకుని డాలస్ చేరిన తెలుగు ఇంజనీరు అక్కడ కొన్ని జంటలను వదిలేసి హాయిగా రాసుకుంటున్నాడు. ఈ జంటలను కనడం ఆగిపోలేదు కూడా. సభలో జరిగే ప్రోగ్రామ్‌కు బ్రిటన్ పొడవాటి స్పెల్లింగు ఉంచుకుని, కంప్యూటర్లు వచ్చాక వాటి ప్రోగ్రామ్‌కు అమెరికా వారి పొట్టి స్పెల్లింగు తెచ్చుకుంది. 20వ శతాబ్దంలో, చాలామంది కళ్లముందే, ఒక మాట రెండయింది.

దీనికి రాగల మొదటి ఆక్షేపణ గట్టిదే. జంటలన్నీ ఒకే మాట కాదు కదా అంటారు. నిజమే. రాత్రిని చెప్పే నైట్, యుద్ధవీరుణ్ణి చెప్పే నైట్ ఏనాడూ ఒకటి కావు. రెండో దాని ముందు పలికే 'క' ధ్వని పోయి ఇద్దరు పరాయివాళ్లు ఒకే గొంతుతో మిగిలారు. ఆత్మ, అరికాలు రెండూ సోల్ కావడం కూడా ఇలాంటి కలయికే. అఫెక్ట్, ఎఫెక్ట్‌లు ఒకే లాటిన్ ధాతువుకు వేరువేరు ఉపసర్గలు చేరగా పుట్టినవి, విహారం, సంహారం ఉన్నట్టు. వీటిని నా వాదనలోకి లాగను. కానీ కౌన్సిల్, కౌన్సెల్ జంట దగ్గర ఆక్షేపణ అంత తేలిగ్గా నిలవదు. లాటిన్‌లో సభకు ఒక మాట, సలహాకు మరో మాట ఉండేవి. మధ్యయుగాల ఫ్రాన్సు, ఇంగ్లండుల్లో సలహా చెప్పేవాళ్లే సభ కట్టేవాళ్లు కాబట్టి రెండు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 16వ శతాబ్దం నుంచి వాటిని మళ్లీ విడదీశారు. అంటే పరాయి జంటలుగా పుట్టినవి కూడా కొంతకాలం ఒకే ఇంట్లో కాపురం చేశాయి. శాసనమండలిని కౌన్సిల్ అనీ, ఇంజనీరింగ్ సీట్ల ప్రక్రియను కౌన్సిలింగ్ అనీ తెలుగువారు ఒకే అచ్చులో పలకడం మన నోటి అశ్రద్ధ ఒక్కటే కాదు, ఆ మాటల గతంలోనే ఆ కలయిక ఉంది.

రెండో ఆక్షేపణ ఉపాధ్యాయులది. ఎలా పుట్టినా తేడా ఇప్పుడు ఉంది, పనికొస్తోంది, తప్పు రాస్తే ఉద్యోగం పోతుంది, చరిత్ర చెప్పి పిల్లలకు సాకు ఇవ్వడమెందుకు అని వారి ప్రశ్న. తేడా పాటించాలనే నేనూ అంటాను. చదివేవాడికి గీత ఒకటి సాయం చేస్తున్నప్పుడు దాన్ని చెరపనక్కర లేదు. అయితే చరిత్ర సాకు కాదు, మంచి పాఠం. బేకర్ ఉన్న చోటు బేకరీ అయినట్టు స్టేషనర్ అమ్మేది స్టేషనరీ అని తెలిస్తే ఆ 'ఈ' అక్షరం ఎందుకుందో అర్థమవుతుంది, కంఠతా పట్టనక్కర లేదు. ఇక తప్పు చేసినవాణ్ణి చిన్నచూపు చూడడం సంగతి. దానికీ చరిత్ర ఉంది, అది అంత గౌరవప్రదమైనది కాదు. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పిన తొలి నిఘంటువును రాబర్ట్ కాడ్రీ 1604లో వేశాడు. సుమారు 2,500 కష్టమైన మాటల ఆ పుస్తకం ఎవరి కోసమో పేరు పుటలోనే ఉంది: స్త్రీల కోసం, నైపుణ్యం లేని ఇతరుల కోసం. లాటిన్ బడిలోకి రానివ్వనివారికి లాటిన్ మాటలు తెలియకపోవడం వింత కాదు. షేక్‌స్పియర్ నాటకంలో మాటలు తారుమారు చేసి నవ్వించే డాగ్‌బెర్రీ ఊరి కావలివాడు. 1775లో షెరిడాన్ 'ది రైవల్స్' నాటకంలో సృష్టించిన మిసెస్ మాలప్రాప్ స్త్రీ. ఆమె పేరు మీదే మాటల తారుమారుకు ఇంగ్లీషులో మాలప్రాపిజం అనే పేరు స్థిరపడింది. పువ్వుకు పిండి స్పెల్లింగు అచ్చయిన మహాకావ్యాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వు ఎప్పుడూ బడి దక్కనివారి మీదికే పోయింది. తెలుగు మాధ్యమంలో చదివి పట్నం కాలేజీకి వచ్చిన పిల్లల మీద పడే నవ్వుదీ అదే వంశం.

మూడో ఆక్షేపణ నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మూలాన్ని బట్టి నేటి అర్థాన్ని శాసించడం పొరపాటని భాషావేత్తలు హెచ్చరిస్తారు. పుట్టుకే ప్రమాణమైతే చక్కనిది అని చెప్పే నైస్‌కు తెలియనివాడు అన్న లాటిన్ అర్థమే ఉండాలి. ఆ హెచ్చరిక సరైనది. దాన్ని ఈ వాదనకు ఎదురుగా కాక, పక్కనే పెట్టుకోవాలి. నేను మూలాన్ని తీర్పు చెప్పడానికి పిలవడం లేదు, జరిగినది చెప్పే సాక్షిగా పిలుస్తున్నాను. సాక్షి ఎంత పనికొస్తాడో డిసింటరెస్టెడ్, అనింటరెస్టెడ్ జంట చూపిస్తుంది. మొదటిదానికి పక్షపాతం లేని, రెండోదానికి ఆసక్తి లేని అని నేటి పాఠ్యపుస్తకాల నియమం. ఆసక్తి లేదన్న అర్థంలో మొదటిదాన్ని వాడితే భాష చెడిపోతోందని పత్రికల్లో ఉత్తరాలు రాసేవారున్నారు. 17వ శతాబ్దపు రాతల్లో డిసింటరెస్టెడ్ ఆసక్తి లేని అన్న అర్థంలోనే ముందు కనిపిస్తుంది, నిష్పాక్షికత ఆ తరవాత వచ్చింది. అనింటరెస్టెడ్ మొదట నిష్పాక్షికమన్న అర్థంతో వచ్చి, 18వ శతాబ్దంలో నేటి అర్థానికి మళ్లింది. రెండు మాటలూ ఇళ్లు మార్చుకున్నాయి. ఇవాళ కొత్తగా పుట్టిన తప్పని కొందరు అంటున్నది ఆ మాట పుట్టింటి అర్థం. నేటి పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు డిసింటరెస్టెడ్ కింద రెండర్థాలనూ నమోదు చేసి, ఒకదాని మీద వివాదం ఉందని గమనిక పెడుతున్నాయి. మన పోటీ పరీక్షల గైడుల్లో మాత్రం ఆ గమనిక లేదు.